శీతలద్రవం, ఇంజను నూనెల ఉష్ణోగ్రత పర్యవేక్షణ: రోటరీ విమాన ఇంజన్లు సేద్యయంత్రాలకు నేర్పే పాఠం

గోదావరి డెల్టాలో దాళ్వా వరికోతల వేళ. మధ్యాహ్నం రెండు గంటలు. మడి నడుమ కోతయంత్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. రైతు, డ్రైవరు, మెకానిక్ గుమిగూడతారు. హెడ్డు వంగింది, గాస్కెట్ కాలింది, ఒక పిస్టన్ సిలిండరు గోడకు పట్టేసింది. డ్రైవరు చెప్పేది ఒకటే మాట: ‘ముల్లు పచ్చగీత దాటలేదండీ.’ అతడు అబద్ధం ఆడటం లేదు. రేడియేటరు కింది గొట్టం చీలి నీరంతా కారిపోయింది. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారు చుట్టూ నీటికి బదులు ఆవిరి మాత్రమే మిగిలింది. ఆవిరి, గాలి నీటివలె వేడిని చేరవేయలేవు. అందువలన ఇంజను మండిపోతున్నా ముల్లు పైకి లేవలేదు. మరమ్మతుకు పట్టే రోజులు, ఆ రోజుల్లో పడితే పడే అకాల వర్షం, రాలిపోయే గింజ – ఈ నష్టాన్ని ఏ గేజీ చూపదు.

ఉష్ణోగ్రతా గేజీ ఇంజను ఆరోగ్యాన్ని చెప్పదు. తన సెన్సారును తాకుతున్న పదార్థం ఎంత వేడిగా ఉందో మాత్రమే చెబుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరాన్ని అర్థం చేసుకోవడమే పర్యవేక్షణ. ఈ పాఠాన్ని అత్యంత శ్రద్ధగా నేర్చుకోవలసి వచ్చినవారు చిన్న విమానాలలో రోటరీ ఇంజన్లను అమర్చుకున్న నిర్మాతలు. ఇంజను వేడెక్కితే ట్రాక్టరును గట్టున ఆపవచ్చు. ఆకాశంలో ఆగే చోటు లేదు. వారి అనుభవంలోని సూత్రాలను పరిశీలించి, వాటిని మన ట్రాక్టర్లకు, కోతయంత్రాలకు అన్వయించే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రోటరీ ఇంజను: వేడి ఎప్పుడూ ఒకేచోట

జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ రూపకల్పన చేసిన రోటరీ ఇంజను 1957లో ఎన్‌ఎస్‌యూ సంస్థలో తొలిసారి నడిచింది. జపాను సంస్థ మాజ్దా 1967లో దీనిని కాస్మో స్పోర్ట్ కారులో ప్రవేశపెట్టి, తరువాతి దశాబ్దాలలో అభివృద్ధి చేసింది. ఇందులో ముందుకూ వెనుకకూ కదిలే పిస్టన్లు ఉండవు. మధ్యలో కాస్త నొక్కుకుపోయిన కోడిగుడ్డు ఆకారపు గది ఉంటుంది. దానిలో మూడు మూలల రోటరు తిరుగుతుంది. రోటరు ఒక చుట్టు తిరిగేసరికి ఉత్కేంద్ర ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. కవాటాలు, వాటిని నడిపే కామ్ షాఫ్టు అవసరం లేదు. బరువు తక్కువ, కంపనం తక్కువ. ఈ కారణాలచేతనే తేలికపాటి విమానాల నిర్మాతలను ఇది ఆకర్షించింది. ఒక్కొక్కటి 654 ఘనపు సెంటీమీటర్ల సామర్థ్యం గల రెండు గదులతో కూడిన మాజ్దా 13బి ఇంజనును సొంతంగా విమానాలు నిర్మించుకునేవారు ఎక్కువగా ఎంచుకున్నారు. అమెరికా షాడో, ఇజ్రాయెల్ హెర్మెస్ 450 మానవరహిత విమానాలు కూడా రోటరీ ఇంజన్లతో నడిచేవే. మన దేశంలో నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, రక్షణ పరిశోధన సంస్థకు చెందిన ప్రయోగశాలలు కలిసి 55 అశ్వశక్తి గల వాంకెల్ ఇంజనును ‘నిశాంత్’ మానవరహిత విమానం కోసం రూపొందించాయి.

ఈ ఇంజనులో వేడి విషయంలో ఒక విశేషం ఉంది. పిస్టన్ ఇంజనులో గాలిని పీల్చుకోవడం, సంపీడనం, దహనం, పొగ వెడలడం ఒకే సిలిండరులో వరుసగా జరుగుతాయి. కనుక సిలిండరు గోడను మండే వాయువు వేడి చేసిన తరువాత లోనికి వచ్చే చల్లని గాలి కొంత ఊరటనిస్తుంది. రోటరీ ఇంజనులో ఈ నాలుగు దశలు గదిలో నాలుగు వేర్వేరు ప్రాంతాలలో జరుగుతాయి. గాలి ప్రవేశించే వైపు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. స్పార్క్ ప్లగ్గులున్న వైపు ఎప్పుడూ మండుతూనే ఉంటుంది. ఒకే లోహపు గది ఒక ప్రక్క చల్లగా, మరొక ప్రక్క వేడిగా ఉండి అసమానంగా వ్యాకోచిస్తుంది.

దీనికి తోడు రోటరు తిరిగే గదులు అల్యూమినియంతో, వాటి ఇరుప్రక్కల పలకలు పోత ఇనుముతో తయారై, పొడవైన బోల్టులతో బిగించబడి ఉంటాయి. అల్యూమినియం వ్యాకోచం ఇనుముకంటే ఇంచుమించు రెండింతలు. పలకల మధ్య శీతలద్రవాన్ని ఆపేవి రబ్బరు సీళ్లు. ఇంజను మితిమీరి వేడెక్కితే అల్యూమినియం వ్యాకోచించి సీళ్లను నలిపివేస్తుంది. చల్లారిన తరువాత అవి పూర్వస్థితికి రావు. అప్పటినుండి శీతలద్రవం దహనగదిలోకి, దహనవాయువు శీతలద్రవంలోకి చొరబడతాయి. అంటే ఒక్కసారి హద్దు దాటినా శాశ్వత నష్టమే. సగటు ఉష్ణోగ్రత సజావుగా ఉన్నట్లు కనిపిస్తున్నా, దహనం జరిగే ప్రక్కన ద్రవం అక్కడక్కడ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడవచ్చు. అందుచేత ప్రవాహం ఎక్కడా మందగించకుండా చూడటం, ద్రవంలో గాలి చిక్కుకోకుండా పూర్తిగా వెళ్లగొట్టడం ఉష్ణోగ్రతను కొలవడమంత ముఖ్యం.

నూనె: రెండవ శీతలద్రవం

ఇంజను నూనె అనగానే మనకు గుర్తుకు వచ్చేది కందెన. రోటరీ ఇంజనులో నూనె అంతకుమించిన పని చేస్తుంది. మాజ్దా తరహా ఇంజన్లలో ఉత్కేంద్ర ఇరుసులోని రంధ్రాల నుండి నూనె రోటరు లోపలి బోలు భాగాలలోకి చిమ్మి, దాని వేడిని తీసుకొని కింది పాత్రలోకి దిగుతుంది. శీతలీకరణ వ్యవస్థ తొలగించవలసిన వేడిలో ఇంచుమించు మూడో వంతు నూనె ద్వారానే పోవాలి. అందువలన నూనె కూలరు ఇక్కడ అలంకారం కాదు. అది రెండవ రేడియేటరు.

ఈ పని నూనెకు సులువు కాదు. ఒక కిలో నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి 4.2 కిలోజౌళ్లు కావాలి. నూనెకు సుమారు 2 కిలోజౌళ్లు చాలు. అంటే అదే వేడిని మోయడానికి నూనె ఎక్కువ పరిమాణంలో ప్రవహించాలి, లేదా ఎక్కువ డిగ్రీలు వేడెక్కాలి. పైగా ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ నూనె స్నిగ్ధత వేగంగా పడిపోతుంది. మన ట్రాక్టర్లలో వాడే 15డబ్ల్యూ-40 తరగతి నూనె స్నిగ్ధత 40 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 110 సెంటీస్టోకులు ఉంటే, 100 డిగ్రీల వద్ద 14 సమీపానికి, 120 డిగ్రీల వద్ద 9 సమీపానికి దిగుతుంది. బేరింగునూ ఇరుసునూ వేరుచేసే నూనె పొర ఆమేరకు పలుచబడుతుంది. వేడి పెరిగితే నూనె ఆక్సీకరణం కూడా వేగవంతమవుతుంది. పది డిగ్రీల పెరుగుదలకు ఆ వేగం రెట్టింపవుతుందన్నది ఇంజనీర్లు పాటించే స్థూలసూత్రం.

నూనె మరీ చల్లగా ఉండటమూ మేలు కాదు. దహనంలో పుట్టే నీటి ఆవిరి, కొద్దిపాటి ఇంధనం నూనెలో చేరతాయి. నూనె తగినంత వేడెక్కితేనే అవి ఆవిరై పోతాయి. ఎప్పుడూ చల్లగా నడిచే ఇంజనులో అవి నిలిచి ఆమ్లాలుగా, మడ్డిగా మారతాయి. కావలసినది తక్కువ ఉష్ణోగ్రత కాదు, సరియైన ఉష్ణోగ్రత. రోటరీ విమానాలు నడిపేవారు సాధారణంగా శీతలద్రవాన్ని 80 నుండి 95 డిగ్రీల మధ్య, నూనెను 100 డిగ్రీలకు లోపుగా ఉంచడానికి ప్రయత్నిస్తారు. ఒకటి సక్రమంగా ఉందంటే రెండవదీ సక్రమంగా ఉందని వారు భావించరు. రెండు ద్రవాలు, రెండు మార్గాలు, రెండు గేజీలు.

ఎక్కుడు దశ, దుక్కి దశ

విమానానికి శీతలీకరణ పరీక్ష పైకి ఎక్కుతున్నప్పుడు ఎదురవుతుంది. అప్పుడు ఇంజను పూర్తి శక్తితో పనిచేస్తుంది. కాని ముందుకు సాగే వేగం తక్కువ కనుక రేడియేటరులోకి వచ్చే గాలి తక్కువ. అంటే ఎక్కువ వేడి, తక్కువ గాలి. సమతలంలో ప్రయాణించేటప్పుడు గాలి ఉధృతంగా వస్తుంది, అవసరమైన శక్తి తగ్గుతుంది. రెండు ముళ్లూ దిగివస్తాయి. ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత హద్దును సమీపిస్తే పైలట్ ఇంజను శక్తిని తగ్గించి, విమానం ముక్కును కాస్త దించి, వేగం పెంచుతాడు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ మరొక చిక్కు. సముద్రమట్టం వద్ద 100 డిగ్రీలకు మరిగే నీరు 3,000 మీటర్ల ఎత్తున 90 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటరు మూత లోపలి పీడనాన్ని నిలిపి ఈ ప్రమాదాన్ని దూరంగా ఉంచుతుంది. సముద్రమట్టం వద్ద 0.9 బార్ పీడనపు మూత నీటి మరుగు స్థానాన్ని 118 డిగ్రీల చుట్టుప్రక్కలకు తీసుకుపోతుంది. మూత స్ప్రింగు బలహీనపడితే ఈ రక్షణ అంతా పోతుంది. కాని ఉష్ణోగ్రతా గేజీలో ఆ లోపం కనిపించదు. అందుకే కొందరు విమాన నిర్మాతలు శీతలద్రవ ఉష్ణోగ్రతతో పాటు దాని పీడనాన్నీ కొలుస్తారు. ఇంజను వేడిగా ఉండి పీడనం పడిపోతున్నదంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. ఉష్ణోగ్రతా గేజీ మౌనంగా ఉన్న వేళ పీడన గేజీ ముందే హెచ్చరిస్తుంది. వ్యాసారంభంలో చెప్పిన కోతయంత్రానికి అలాంటి గేజీ ఒకటి ఉంటే కథ మరోలా ఉండేది.

వ్యవసాయ యంత్రాల వైపు చూస్తే, విమానం ఎక్కేటప్పుడు కొద్ది నిమిషాలు అనుభవించే స్థితిలోనే ట్రాక్టరు రోజంతా ఉంటుంది. దమ్ము చేసేటప్పుడు, రోటావేటరు నడిపేటప్పుడు, లోతు దుక్కి దున్నేటప్పుడు ఇంజను ఇంచుమించు పూర్తి భారంతో పనిచేస్తుంది. ముందుకు సాగే వేగం నడిచే మనిషి వేగానికి కొంచెం అటూ ఇటూ. గాలి రావలసింది ఫ్యానువల్లనే. దానికి తోడు ఎండ, దుమ్ము, ఊక. విమానపు పాఠం ట్రాక్టరుకు వర్తించడానికి కారణం ఈ పోలికే.

సెన్సారు ఎక్కడ, ఎలా

గేజీ చూపే అంకెకు అర్థం సెన్సారు స్థానాన్ని బట్టి వస్తుంది. శీతలద్రవ సెన్సారు ఇంజను నుండి వేడి ద్రవం వెలువడే చోట, థర్మోస్టాట్‌కు ముందు ఉండాలి. రేడియేటరు నుండి తిరిగివచ్చే చల్లని ప్రక్కన అమర్చితే అది ఇంజను స్థితిని కాక రేడియేటరు పనితనాన్ని చెబుతుంది. నూనె విషయంలో రెండు స్థానాలకూ విలువ ఉంది. కూలరుకు ముందున్న సెన్సారు ఇంజను ఎంత వేడిని నూనెకు ఇచ్చిందో చెబుతుంది. కూలరు తరువాతి సెన్సారు బేరింగులకు అందే నూనె ఎలా ఉందో చెబుతుంది. ఈ రెండింటి తేడా కూలరు పనితీరుకు కొలత. ఒకే గేజీ ఉన్నప్పుడు అది ఏ స్థానాన్ని సూచిస్తున్నదో తెలియకుండా ‘నూనె 95 డిగ్రీలుంది’ అనడంలో అర్థం లేదు.

వాహనాలలో విరివిగా వాడే సెన్సారు థర్మిస్టరు. వేడి పెరిగితే దీని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. ఈ సెన్సార్లు చాలావరకు ఒకే తీగతో ఉంటాయి. రెండవ మార్గం ఇంజను శరీరమే. మరల చుట్టూ టేపు ఎక్కువగా చుట్టినా, తుప్పు పట్టినా, కనెక్షను వదులైనా నిరోధం పెరుగుతుంది. పెరిగిన నిరోధాన్ని గేజీ చల్లదనంగా చదువుతుంది. తీగ పూర్తిగా తెగితే ఇంజను అతిచల్లగా ఉన్నట్లు చూపుతుంది. అంటే ఈ వ్యవస్థలోని సామాన్య లోపాలు మనకు ధైర్యం చెప్పే దిశలోనే పొరపాటు చేస్తాయి. సేద్యయంత్రాల గేజీలను ఏటా ఒకసారైనా పరీక్షించవలసిన అవసరం ఇక్కడే ఉంది.

పరీక్ష సులువు. సెన్సారును విప్పి, తీగనూ శరీర కనెక్షనునూ కలిపి ఉంచి, మరుగుతున్న నీటిలో ముంచాలి. ముల్లు 100 డిగ్రీల చెంత నిలవాలి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున అక్కడ నీరు 98 డిగ్రీల వద్దనే మరుగుతుందని గుర్తుంచుకోవాలి. అంకెలు లేని, రంగు గీతలు మాత్రమే ఉన్న గేజీ అయితే ముల్లు నిలిచిన చోట అద్దంపై సన్నని గుర్తు పెట్టుకోవచ్చు. ఆనాటి నుండి ఆ గేజీకి ఒక నమ్మదగిన అంకె ఉన్నట్లే.

గాలితో తేడా: ముల్లుకంటే ముందు చెప్పే లెక్క

రేడియేటరు బయటికి పంపే వేడి, అందులోని ద్రవానికీ బయటి గాలికీ మధ్యగల ఉష్ణోగ్రతా భేదానికి అనుపాతంలో ఉంటుంది. ఒకే భారంపై ఇంజను విడిచే వేడి ఇంచుమించు స్థిరం. కనుక థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్న తరువాత, అదే పనిలో, ద్రవానికీ గాలికీ మధ్య తేడా కూడా ఇంచుమించు స్థిరంగా ఉండాలి. గాలి ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు పెరిగితే ద్రవపు ఉష్ణోగ్రతా ఐదు డిగ్రీలు పెరుగుతుంది, తేడా మారదు. తేడా మారిందంటే రేడియేటరులోనో, ఫ్యానులోనో, ప్రవాహంలోనో మార్పు వచ్చిందన్నమాట.

ఒక ఉదాహరణ చూద్దాం. నీడలో గాలి 33 డిగ్రీలు. గంటసేపు కోత సాగిన తరువాత శీతలద్రవం 91 డిగ్రీలు. తేడా 58. తయారీదారు పుస్తకం ప్రకారం ఆ ఇంజనుకు అనుమతించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 105 డిగ్రీలు అనుకుందాం. 105 నుండి 58 తీసివేస్తే 47. అంటే ఆ యంత్రం 47 డిగ్రీల ఎండలోనూ అదే పని చేయగలదు. మూడు రోజుల తరువాత అదే మడిలో, అదే వేగంతో, గాలి 34 డిగ్రీలుండగా ద్రవం 99 డిగ్రీలకు చేరింది. తేడా 65, యంత్రం భరించగల గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు పడిపోయింది. ఈ రెండు రోజులూ ముల్లు పచ్చగీతలోనే ఉంది. ఒక్కసారి చూసి వదిలేసే డ్రైవరుకు ఏ మార్పూ కనిపించదు. కాని మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలకు చేరిన క్షణాన ఆ యంత్రం హద్దు దాటుతుంది. ఆ మూడు రోజుల్లో జరిగినది రేడియేటరు జల్లెడకు ఊక పట్టడమే. పది నిమిషాలు శుభ్రం చేస్తే తొలగిపోయే లోపం.

ఈ లెక్కకు రెండు నియమాలున్నాయి. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోని స్థితిలో తీసుకున్న అంకెలు పనికిరావు. అప్పుడు ఉష్ణోగ్రతను నిర్ణయించేది రేడియేటరు కాదు, థర్మోస్టాటే. రెండవది, పోల్చే రోజుల్లో పని, గేరు, ఇంజను వేగం ఒకటిగా ఉండాలి.

రెండు ముళ్లను కలిపి చదవడం

మన ట్రాక్టర్లలో నూనె పీడన సూచిక ఉంటుంది కాని నూనె ఉష్ణోగ్రతా గేజీ చాలావాటిలో ఉండదు. పరిశోధన క్షేత్రాలలో, యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలలో నూనె పాత్ర అడుగు ప్లగ్గు వద్ద ఒక సెన్సారు అమర్చుకోవడం కష్టం కాదు. అది లేనిచోట, ఇంజను బాగా వేడెక్కిన తరువాత ఒకే వేగం వద్ద నూనె పీడనాన్ని ప్రతిదినం గమనిస్తే కొంత సమాచారం లభిస్తుంది. నూనె వేడెక్కి పలుచబడితే పీడనం తగ్గుతుంది. రెండు కొలతలనూ కలిపి చూసినప్పుడు లోపం ఏ వైపున ఉందో ఇలా ఊహించవచ్చు:

• శీతలద్రవం, నూనె రెండూ రోజురోజుకూ కొద్దికొద్దిగా పెరుగుతుంటే: రేడియేటరు బయట ఊక, దుమ్ము, లేదా లోపల సున్నపు పొర.

• శీతలద్రవం త్వరగా పెరిగి, నూనె ఇంకా మామూలుగా ఉంటే: నీటిమట్టం తగ్గడం, ఫ్యాను బెల్టు జారడం, థర్మోస్టాట్ మూసుకుపోవడం, నీటి పంపు లోపం.

• నూనె పెరిగి, శీతలద్రవం మామూలుగా ఉంటే: నూనెమట్టం తగ్గడం, నూనె కూలరు ఉన్న ఇంజన్లలో అది పూడుకోవడం, తగని తరగతి నూనె, బేరింగుల రాపిడి.

• రెండూ ఎప్పుడూ తక్కువగా ఉంటే: థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోవడం లేదా దానిని తీసివేయడం.

• పని సాగుతుండగా శీతలద్రవపు ముల్లు హఠాత్తుగా దిగి, నూనె ఉష్ణోగ్రత పెరుగుతుంటే: నీరు పోయింది. వెంటనే భారం తొలగించి ఇంజనును ఆపాలి. ఇక్కడ ఆలస్యం చేసే ప్రతి నిమిషమూ హెడ్డును వంచుతుంది.

చివరి సూచన ఒక్కటి డ్రైవర్ల శిక్షణలో స్థిరపడినా ఎన్నో ఇంజన్లు నిలుస్తాయి. పెరిగే ముల్లుకు అందరూ భయపడతారు. తగ్గే ముల్లుకు ఎవరూ భయపడరు.

నీరు నిండుగా ఉండి కేవలం భారం వలన వేడెక్కినప్పుడు మాత్రం ఇంజనును తటాలున ఆపరాదు. భారం తొలగించి, తక్కువ వేగంలో కొన్ని నిమిషాలు నడపాలి. ఆపిన క్షణాన పంపు ఆగి, లోహంలో నిలిచిన వేడి నిశ్చలంగా ఉన్న ద్రవాన్ని మరిగిస్తుంది. వేడి ఇంజను రేడియేటరు మూతను తెరవరాదు. పీడనం విడిపోగానే ద్రవం భగ్గున ఆవిరై ముఖం, చేతులు కాలతాయి. కాగి ఉన్న ఇంజనులో చన్నీరు పోస్తే పోత ఇనుము పగలవచ్చు.

రేడియేటరు రెండు ప్రక్కల కొలత

పరారుణ ఉష్ణోగ్రతామాపకం ఇప్పుడు తక్కువ ధరకే లభిస్తున్నది. దీనితో రేడియేటరు పైతొట్టి, కిందితొట్టి ఉష్ణోగ్రతలను కొలిచి లోపాన్ని మరింత కచ్చితంగా గుర్తించవచ్చు. పైతొట్టి చాలా వేడిగా ఉండి, కిందితొట్టి దానికంటే బాగా చల్లగా ఉంటే ద్రవం నెమ్మదిగా కదులుతున్నదని అర్థం. పంపునూ, బెల్టునూ, థర్మోస్టాట్‌నూ పరీక్షించాలి. పైనా కిందా రెండూ దాదాపు సమానంగా వేడిగా ఉంటే ద్రవం కదులుతున్నది కాని గాలి దాని వేడిని తీసుకుపోవడం లేదు. జల్లెడ, రెక్కలు, ఫ్యాను చూడాలి. మెరిసే లోహం పరారుణ కిరణాలను తక్కువగా వెలువరిస్తుంది కనుక ఈ పరికరం అక్కడ ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. కొలిచే చోట నల్లని మెరుపులేని టేపు అంటించి, దానిపైనే కొలవాలి.

థర్మోస్టాట్, నీటి నాణ్యత

ఎండాకాలంలో ఇంజను వేడెక్కుతున్నదని థర్మోస్టాట్‌ను తీసివేయడం గ్రామాల్లో తరచు కనిపించే అలవాటు. సాధారణంగా 75 నుండి 85 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలై, మరి 10–15 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకునే ఈ చిన్న కవాటం చేసే పని రెండు విధాలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ద్రవాన్ని రేడియేటరుకు పోనీయదు. వేడెక్కిన తరువాత అనేక ఇంజన్లలో పక్కదారిని మూసివేసి, ద్రవమంతా రేడియేటరు గుండానే సాగేటట్లు చేస్తుంది. అలాంటి ఇంజనులో థర్మోస్టాట్ తీసివేస్తే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి ద్రవంలో కొంత రేడియేటరుకు పోకుండానే తిరిగి ఇంజనులోకి వస్తుంది. వేసవిలో వేడి తగ్గకపోగా పెరుగుతుంది; శీతకాలపు ఉదయాన ఇంజను కావలసినంత వేడెక్కక, నూనెలో తేమ నిలుస్తుంది. అనుమానం ఉంటే కవాటాన్ని నీటిలో వేలాడదీసి, ఉష్ణమాపకంతో చూస్తూ వేడిచేస్తే అది ఎక్కడ తెరుచుకుంటున్నదో కంటితోనే తెలుస్తుంది.

బోరు నీటిని రేడియేటరులో పోయడం మరొక అలవాటు. కఠినజలంలోని కాల్షియం లవణాలు వేడికి గోడలపై పేరుకుంటాయి. ఆ పొర ఉష్ణవాహకత పోత ఇనుముకంటే ఎన్నో రెట్లు తక్కువ. పొర వెనుక లోహం ఎర్రబారుతున్నా ముందున్న నీరు మామూలుగానే ఉండవచ్చు; మరల అదే పాఠం, గేజీ నీటిని మాత్రమే కొలుస్తుంది. తయారీదారు చెప్పిన కూలెంటును శుద్ధజలంతో కలిపి వాడటం ఉత్తమం. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ మరుగు స్థానాన్ని పెంచుతుంది. కలిపిన నిరోధకాలు తుప్పును అడ్డుకుంటాయి. అయితే గ్లైకాల్ విషపూరితం, తీయగా ఉంటుంది. పాత ద్రవాన్ని పశువులు తాగే తొట్టెల దగ్గర, కాలువలలో పారబోయరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు

విమానం నడిపేవారు ఉష్ణోగ్రతలను ఎప్పటికప్పుడు నమోదు చేస్తారు. నేటి గేజీ అంకెను నిన్నటి అంకెతో పోల్చగలగడమే ఆ నమోదు ప్రయోజనం. యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలలో ప్రతి యంత్రానికీ ఒక చిన్న పుస్తకం ఉంటే చాలు. తేదీ, పని, నీడలో గాలి ఉష్ణోగ్రత, గంట పని తరువాత శీతలద్రవం, నూనె ఉష్ణోగ్రత లేదా పీడనం, గాలితో తేడా – ఈ ఆరు గడులు. తేడా తొలి అంకెకంటే ఐదు డిగ్రీలు పెరిగిన నాడు యంత్రాన్ని ఆపి రేడియేటరు చూడాలని నియమం పెట్టుకోవచ్చు. ఇది ఏ యంత్రానికి ఎంత ఉండాలన్నది ఆ పుస్తకమే ఒక కోతకాలంలో నేర్పుతుంది.

వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు ఇందులో మంచి అధ్యయనాంశాలున్నాయి. కోత సాగే గంటలను బట్టి జల్లెడపై ఊక పేరుకునే తీరును ‘గాలితో తేడా’ ద్వారా గుర్తించవచ్చు. దమ్ము, దుక్కి, రవాణా పనులలో శీతలద్రవానికీ నూనెకూ మధ్య తేడా ఎలా మారుతుందో పరిశీలించవచ్చు. ద్రవపు పీడనాన్ని గమనించే చవక హెచ్చరికను రూపొందించవచ్చు. వీటిలో దేనికీ ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదు. ఒక ట్రాక్టరు, రెండు సెన్సార్లు, ఓపిక ఉంటే చాలు.

రైతుకు, డ్రైవరుకు చెప్పవలసిన మాటలు ఇంకా తక్కువ. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి నీరు చూడండి. నూనె పుల్ల తీసి మట్టం చూడండి. మధ్యాహ్నం జల్లెడ దులపండి. ముల్లు పెరిగితే భారం తగ్గించండి. ముల్లు కారణం లేకుండా తగ్గితే వెంటనే ఆపి, నీటికోసం వెతకండి.